పిల్లల కాలేయంలో చీముగడ్డ: ఎలా గుర్తించాలి, ఎలా నయమవుతుంది, ఆరోగ్యశ్రీలో మీరేం చేయాలి

ఆరోగ్యశ్రీ కుటుంబాల కోసం ఆరోగ్య పాఠం

ఈ పాఠం చదవడానికి పది, పదిహేను నిమిషాలు చాలు. చదివాక ఫోన్‌లో దాచుకోండి. మీ సంఘం గ్రూపులో, ఇంటి గ్రూపులో పంపండి. చదవడం రాని పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్లకు చదివి వినిపించండి. పిల్లల జ్వరానికి మొదటి మందు ఇంట్లో చెప్పేది చాలాసార్లు వాళ్లే కదా.

ముందుగా ఒక ఇంటి సంగతి

అర్థం కావడానికి ఒక ఉదాహరణ అనుకుందాం. ఏడేళ్ల బాబు. నాన్న పత్తి చేలల్లో కూలి పని చేస్తాడు, అమ్మ బీడీలు చుడుతుంది. బాబుకు తొడ మీద సెగ్గడ్డ లేచింది. ఇంట్లోనే ఆకు వేడి చేసి కట్టారు. అది పగిలి, చీము కారి, మానిపోయింది. అందరూ మర్చిపోయారు.

రెండు వారాలకు జ్వరం మొదలైంది. ఊళ్లో ఆర్‌ఎంపీ మూడు రోజులు సూదులు వేశాడు. జ్వరం తగ్గింది, మళ్లీ వచ్చింది. రక్త పరీక్ష చేయిస్తే టైఫాయిడ్ అన్నారు. ఇంకో అయిదు రోజులు మందులు. బాబు అన్నం ముట్టట్లేదు, కుడి పక్క చెయ్యి పెట్టుకుని వంగి నడుస్తున్నాడు. పన్నెండో రోజున పెద్దాస్పత్రిలో కడుపు స్కానింగ్ తీస్తే కాలేయంలో ఆరు సెంటీమీటర్ల చీముగడ్డ కనిపించింది.

ఈ పన్నెండు రోజుల్లో తల్లిదండ్రులు నిర్లక్ష్యం చేసిందేమీ లేదు. రోజూ తిరిగారు, డబ్బు పెట్టారు. కానీ "జ్వరం ఎందుకు తగ్గట్లేదు?" అనే ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్న మీరు ఎప్పుడు అడగాలో, ఎవరిని అడగాలో చెప్పడానికే ఈ పాఠం.

1. కాలేయంలో చీముగడ్డ అంటే ఏమిటి?

కాలేయం అంటే మనం కార్జం అంటాం, లివర్ అంటాం. కడుపులో కుడి వైపు, పక్కటెముకల చాటున ఉంటుంది. పేగుల నుంచి వచ్చే రక్తం ముందుగా కాలేయం గుండానే వెళ్తుంది. అందుకని రక్తంలో ఎక్కడి నుంచి సూక్ష్మక్రిములు బయలుదేరినా అవి కాలేయంలో ఆగే అవకాశం ఉంది. అలా ఆగిన క్రిములు ఒకచోట పెరిగి, చుట్టూ చీము చేరితే అదే చీముగడ్డ. చర్మం మీద సెగ్గడ్డ ఎలాగో, లోపల ఇదీ అలాగే. తేడా ఏమిటంటే, ఇది కంటికి కనపడదు.

ఇది క్యాన్సర్ గడ్డ కాదు. "లివర్‌లో గడ్డ" అనగానే చాలామంది బెంబేలెత్తిపోతారు. భయపడకండి. ఇది క్రిముల వల్ల వచ్చే జబ్బు. సమయానికి పట్టుకుని మందులు పూర్తిగా వాడితే ఎక్కువమంది పిల్లలు పూర్తిగా కోలుకుంటారు.

ఇది పచ్చకామెర్లు కూడా కాదు. చీముగడ్డ ఉన్న చాలామంది పిల్లల్లో కళ్లు పచ్చబడవు. కాబట్టి "కళ్లు తెల్లగానే ఉన్నాయి, లివర్ బాగానే ఉంది" అనుకోవద్దు. "లివర్" అనే మాట వినగానే పసరు మందు పోయించడం, చేతి మీద వాతలు పెట్టించడం అసలు చేయకండి. పసరుతో చీము కరగదు. వాతల పుండు నుంచి కొత్త క్రిములు రక్తంలోకి వెళ్తాయి.

2. ఎందుకు వస్తుంది?

మన దగ్గర పిల్లల్లో ఈ జబ్బుకు ఎక్కువగా కారణమయ్యే క్రిమి స్టెఫైలోకోకస్ ఆరియస్. సెగ్గడ్డలకు, చీము పుండ్లకు కూడా ఇదే కారణం. క్లెబ్సియెల్లా, ఈ.కోలై లాంటి పేగుల క్రిములు కూడా ఉంటాయి. అవి లోపలికి చేరే దారులు ఇవి:

• చర్మం మీద సెగ్గడ్డలు, గజ్జి గోకిన పుండ్లు, మానని దెబ్బలు.
• అపెండిక్స్ వాపు, కడుపులో ఇతర ఇన్‌ఫెక్షన్లు.
• పుట్టిన బిడ్డల్లో బొడ్డు దగ్గర చీము పట్టడం.
• పైత్యనాళంలోకి ఏలికపాములు దూరడం.
• కడుపు మీద గట్టి దెబ్బ తగలడం.

సరైన తిండి లేక బక్కచిక్కిన పిల్లలకు, రోగనిరోధక శక్తి తక్కువ ఉన్న పిల్లలకు ముప్పు ఎక్కువ. ఇంకో రకం చీముగడ్డ అమీబా వల్ల వస్తుంది. అది పెద్దవాళ్లలో ఎక్కువ, పిల్లల్లోనూ రావచ్చు. దానికి వాడే మందు వేరు. ఏ రకమో తేలేదాకా డాక్టర్లు రెండిటికీ కలిపి మందులు ఇస్తారు.

3. ఎప్పుడు అనుమానించాలి?

జ్వరంతో పాటు ఇవి ఉన్నాయేమో చూడండి:

• కడుపులో కుడి వైపు పైన నొప్పి. పిల్లవాడు అక్కడ చెయ్యి వేయనివ్వడు.
• కుడి పక్కకు వంగి నడవడం, ఆ వైపు తిరిగి పడుకోలేకపోవడం.
• కుడి భుజం నొప్పి. కాలేయం పైన ఊపిరి తీసే కండరం ఉంటుంది. అది రేగితే నొప్పి భుజంలో తెలుస్తుంది.
• తిండి మీద ఇష్టం పోవడం, బరువు తగ్గడం, పాలిపోవడం.
• చలితో వణుకు, రాత్రిళ్లు చెమటలు.
• పొడి దగ్గు, గట్టిగా ఊపిరి పీలిస్తే నొప్పి.

చిన్నపిల్లలు "ఇక్కడ నొప్పి" అని చెప్పలేరు. ఎత్తుకుంటే ఏడవడం, పాలు సరిగా తాగకపోవడం, మందకొడిగా ఉండడం మీరే గమనించాలి.

ఇంట్లో అందరూ గుర్తుపెట్టుకోవాల్సిన లెక్క ఒకటే. జ్వరం అయిదు రోజులు దాటినా, మందులు వాడినా మళ్లీ మళ్లీ వస్తున్నా, కడుపునొప్పి తోడైనా, పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లి "కడుపు స్కానింగ్ అవసరమా?" అని అడగండి. అడగడం తప్పు కాదు. అంతకుముందు ఎక్కడైనా సెగ్గడ్డ లేచి ఉంటే ఆ సంగతి తప్పకుండా చెప్పండి. డాక్టరుకు అది చాలా పెద్ద ఆధారం.

టైఫాయిడ్ సంగతి కూడా ఒక మాట. విడాల్ పరీక్ష ఒక్కసారి పాజిటివ్ వచ్చినంత మాత్రాన టైఫాయిడ్ ఖాయం కాదు. వేరే జ్వరాల్లో కూడా అది పాజిటివ్ రావచ్చు. టైఫాయిడ్ మందులు వాడుతున్నా జ్వరం తగ్గకపోతే మళ్లీ చూపించండి.

ఆలస్యం చేయకుండా 108కు ఫోన్ చేయాల్సిన గుర్తులు: ఊపిరి ఎగబీల్చడం, కడుపు చెక్కలా గట్టిపడడం, చేతులు కాళ్లు చల్లబడడం, మగతగా పడి ఉండడం, మూత్రం రాకపోవడం, ఫిట్స్ రావడం. చీముగడ్డ లోపల పగిలినా, క్రిములు రక్తమంతా పాకినా ఇలా అవుతుంది. అప్పుడు ప్రతి గంటా విలువైనదే.

4. ఆస్పత్రిలో ఏ పరీక్షలు చేస్తారు? ఎందుకు?

"ఇన్ని పరీక్షలెందుకు?" అని చాలామంది అడుగుతారు. ఒక్కోదానికి ఒక్కో పని ఉంది.

కడుపు అల్ట్రాసౌండ్ స్కానింగ్: ఇది ముఖ్యం. నొప్పి ఉండదు, సూది ఉండదు, రేడియేషన్ ఉండదు. గడ్డ ఎక్కడుంది, ఎంతుంది, ఒకటా, ఎక్కువా అనేది తెలుస్తుంది. జబ్బు బాగా మొదట్లో ఉంటే సరిగా కనపడకపోవచ్చు. అందుకే రెండు, మూడు రోజులకు మళ్లీ తీయమంటారు. స్పష్టంగా లేకపోతే సీటీ స్కాన్ రాస్తారు.

రక్త పరీక్షలు: తెల్ల రక్తకణాలు, సీఆర్‌పీ పెరిగితే లోపల ఇన్‌ఫెక్షన్ ఉందని అర్థం. హిమోగ్లోబిన్, లివర్ పరీక్షలు కూడా చూస్తారు. సూది వేసి చీము తీయాల్సి వస్తే, రక్తం గడ్డకట్టే పరీక్ష ముందుగా చేస్తారు.

బ్లడ్ కల్చర్: రక్తంలో ఏ క్రిమి ఉందో, దానికి ఏ మందు పనిచేస్తుందో తేల్చే పరీక్ష. యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందు రక్తం తీస్తే ఫలితం బాగా వస్తుంది. అందుకని ఇంతకుముందు బయట ఏ సూదులు వేశారో, ఏ మందులు ఇచ్చారో చీటీలు, ఖాళీ అట్టలు సహా తీసుకెళ్లండి. ఆర్‌ఎంపీ దగ్గర వేయించామని చెప్పడానికి మొహమాటపడకండి. ఎవరూ మిమ్మల్ని తిట్టడానికి అడగరు.

చీము కల్చర్: గడ్డలోంచి తీసిన చీమును ల్యాబ్‌కు పంపుతారు. మందు మార్చాలా, అదే కొనసాగించాలా అనేది దీన్నిబట్టి తేలుతుంది.

ఛాతీ ఎక్స్‌రే: కుడి ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందేమో చూస్తారు.

5. చికిత్స ఎలా సాగుతుంది?

మొదటి భాగం, సెలైన్ దారిన యాంటీబయాటిక్స్. సాధారణంగా రెండు, మూడు రకాలు కలిపి ఇస్తారు. క్లాక్సాసిల్లిన్, సెఫ్ట్రయాక్సోన్, మెట్రోనిడజోల్ లాంటి పేర్లు మీ కేస్ షీట్‌లో కనపడొచ్చు. క్రిమి మొండిదైతే వాంకోమైసిన్ లాంటివి వాడతారు. మోతాదు పిల్లల బరువునుబట్టి ఉంటుంది. పక్క మంచం పిల్లవాడికి ఇచ్చినంత మీ పాపకు ఇవ్వలేదని కంగారు పడకండి.

రెండో భాగం, చీము తీయడం. చిన్న గడ్డలు మందులతోనే తగ్గవచ్చు. గడ్డ అయిదు సెంటీమీటర్లు దాటినా, మందులు మొదలుపెట్టిన రెండు, మూడు రోజులకు కూడా జ్వరం దిగకపోయినా, గడ్డ పగిలేలా ఉన్నా, కాలేయం ఎడమ భాగంలో ఉన్నా డాక్టర్లు చీము తీయాలని చెబుతారు. స్కానింగ్‌లో చూస్తూ సన్నని సూదితో లాగుతారు, లేదా పిగ్‌టెయిల్ అనే సన్నని గొట్టం పెట్టి కొన్ని రోజులు సంచిలోకి కారేలా చేస్తారు. ఇది పెద్ద ఆపరేషన్ కాదు. పిల్లవాడు కదలకుండా మత్తు ఇస్తారు కాబట్టి, ఎన్ని గంటల ముందు నుంచి తిండి, పాలు ఆపాలో నర్సమ్మ చెప్పినట్టే చేయండి. "ఆకలికి ఏడుస్తున్నాడు" అని బిస్కెట్ పెడితే మత్తులో వాంతి అయి ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది.

గొట్టం ఉన్నప్పుడు సంచి ఎప్పుడూ నడుం కంటే కిందే ఉండాలి. గొట్టం మెలిపడకుండా, పిల్లవాడు లాగకుండా చూడండి. రోజూ ఎంత చీము వచ్చిందో నర్సమ్మ రాసుకుంటారు. సంచిని మీరే పారబోయకండి. గడ్డ లోపల పగిలినా, ఈ పద్ధతులతో చీము రాకపోయినా అప్పుడు ఆపరేషన్ గురించి మాట్లాడతారు.

మూడో భాగం, నోటి మందులు. మన ఇళ్లలో చికిత్స ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే.

6. జ్వరం తగ్గింది కదా, ఇంటికి వెళ్లిపోదామా?

మొదట చెప్పుకున్న బాబు దగ్గరికి వద్దాం. గొట్టం పెట్టిన నాలుగో రోజుకు జ్వరం పోయింది. ఇడ్లీ తిన్నాడు, నవ్వాడు. ఆరో రోజు నాన్న అన్నాడు: "డాక్టరుగారూ, పత్తి ఏరే టైం. ఇద్దరం ఇక్కడే ఉంటే కూలి పోతది. జ్వరం లేదు కదా, మందులు రాసివ్వండి, పోతాం."

ఆ నాన్న మాటలో అన్యాయం ఏమీ లేదు. రోజు కూలి మీద బతికే ఇంటికి ఆరు రోజులు చాలా ఎక్కువ. కానీ జ్వరం తగ్గడం, గడ్డ తగ్గడం ఒకటి కాదు. జ్వరం కొన్ని రోజుల్లో దిగుతుంది. గడ్డ గోడల్లో క్రిములు ఇంకా ఉంటాయి. అందుకే మొత్తం మందులు సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు ఉంటాయి. అందులో మొదటి రెండు, మూడు వారాలు సెలైన్ దారిన, మిగతావి నోటి ద్వారా. పిల్లవాడి పరిస్థితినిబట్టి డాక్టరు ఇది కొంచెం మారుస్తారు. మధ్యలో ఆపితే గడ్డ మళ్లీ లేస్తుంది. రెండోసారి ఆ క్రిమి పాత మందుకు లొంగకపోవచ్చు. అప్పుడు ఆస్పత్రిలో ఉండాల్సిన రోజులు ఇంకా పెరుగుతాయి, కూలీ ఇంకా పోతుంది.

ఆ ఇంట్లో ఏం చేశారంటే, అమ్మమ్మను పిలిపించారు. పగలు అమ్మమ్మ, రాత్రి అమ్మ. నాన్న పనికి వెళ్లాడు. మీకూ ఇలాంటి ఇబ్బంది ఉంటే డాక్టరుతో దాచకుండా చెప్పండి. "ఇంకా ఎన్ని రోజులు? నోటి మందులకు ఎప్పుడు మారుస్తారు? మిగతా సూదులు మా ఊరి దగ్గర ప్రభుత్వాస్పత్రిలో వేయించుకోవచ్చా?" అని అడగండి. చెప్పకుండా రాత్రికి రాత్రి వెళ్లిపోవడం మాత్రం చేయకండి.

7. ఆరోగ్యశ్రీలో మీరు చేయాల్సింది

తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలకు పెరిగింది. ఈ పథకంలో ప్రభుత్వాస్పత్రులు, నెట్‌వర్క్‌లో చేరిన ప్రైవేటు ఆస్పత్రులు రెండూ ఉన్నాయి. పిల్లల కోసం హైదరాబాద్‌లో నీలోఫర్, వరంగల్‌లో ఎంజీఎం లాంటి పెద్ద ప్రభుత్వాస్పత్రులు ఉన్నాయి.

• ముందుగా దగ్గరి పీహెచ్‌సీకి, బస్తీ దవాఖానాకు లేదా జిల్లా ఆస్పత్రికి వెళ్లండి. తెలంగాణ డయాగ్నస్టిక్స్ కింద రక్త పరీక్షలు ఉచితం. రెఫర్ చేస్తే ఆ చీటీ జాగ్రత్తగా పెట్టుకోండి.
• ప్రైవేటు ఆస్పత్రికి వెళ్లే ముందు 104కు ఫోన్ చేసి అది నెట్‌వర్క్‌లో ఉందా, పిల్లల చికిత్సకు ఉందా అని అడగండి.
• ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర డెస్క్‌కు వెళ్లండి. రేషన్ కార్డు, మీ ఆధార్, పాప లేదా బాబు ఆధార్ చూపించండి. ఆధార్ ఇంకా రాకపోతే పుట్టిన సర్టిఫికెట్ తీసుకెళ్లండి. కార్డులో పిల్ల పేరు ఎక్కలేదని ఇంటి దగ్గర ఆగిపోకండి. ఆ సంగతే ఆరోగ్యమిత్రతో చెప్పండి.
• మందులతో చికిత్స, చీము తీయడం, ఆపరేషన్ వేర్వేరు ప్యాకేజీల కింద రావచ్చు. మీ పిల్లవాడికి దేనికి అనుమతి వచ్చిందో ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి. మందులతో మొదలై తర్వాత గొట్టం పెట్టాల్సి వస్తే అనుమతి గురించి మళ్లీ అడగండి.
• అత్యవసరమైతే కాగితాల కోసం చికిత్స ఆపాల్సిన పని లేదు. ఆస్పత్రివాళ్లు ఫోన్ ద్వారా అనుమతి తీసుకునే వీలుంది.
• అనుమతి వచ్చిన చికిత్సకు డబ్బు అడిగితే ముందు ఆరోగ్యమిత్రకు, తర్వాత 104కు చెప్పండి. కట్టాల్సి వస్తే రసీదు లేకుండా కట్టకండి.
• డిశ్చార్జి రోజున మందులు ఎన్ని రోజులకు ఇచ్చారో లెక్క చూసుకోండి. ఆస్పత్రి నుంచి సాధారణంగా పది రోజుల వరకే మందులు ఇస్తారు. మీ కోర్సు అంతకంటే ఎక్కువ ఉంటుంది. మిగతావి ప్రభుత్వాస్పత్రి ఫార్మసీలో దొరుకుతాయా అని అదే రోజు అడగండి. మందు అయిపోయాక అడిగితే మధ్యలో రోజులు పోతాయి.

8. ఇంటికి వచ్చాక

మందుల వేళలు గోడ మీద క్యాలెండర్‌లో రాసుకోండి. వేసిన ప్రతిసారీ ఒక గీత కొట్టండి. మందు షాపులో వేరే పేరు మందు ఇస్తే డాక్టరును అడగకుండా మార్చకండి. మెట్రోనిడజోల్ వేసుకుంటే నోట్లో ఇనుము రుచిగా ఉంటుంది, మూత్రం రంగు ముదురుగా రావచ్చు. దానికి మందు మానేయకండి. ఒళ్లంతా దద్దుర్లు వస్తే, ఆగకుండా విరేచనాలు అయితే మాత్రం వెంటనే చూపించండి.

పథ్యం పేరుతో పిల్లవాడిని పస్తులుంచకండి. ఈ జబ్బులో ఒంట్లో మాంసకృత్తులు బాగా తగ్గిపోతాయి. పప్పు, గుడ్డు, పాలు, పెరుగు, పల్లీలు, తినే అలవాటుంటే చేప, మాంసం అన్నీ పెట్టవచ్చు. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డు, బాలామృతం మానిపించకండి.

మళ్లీ స్కానింగ్‌కు రమ్మన్న తేదీ తప్పకండి. పిల్లవాడు ఆడుకుంటున్నా స్కానింగ్‌లో గడ్డ గుర్తు కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు కనపడవచ్చు. అది చూసి భయపడకండి, మీ అంతట మీరే మందులు పొడిగించకండి. తగ్గుతూ ఉందా లేదా అనేదే డాక్టరు చూస్తారు.

గడ్డలు రెండోసారి వస్తే, తరచూ న్యుమోనియా, చర్మం కింద చీము వస్తుంటే, రోగనిరోధక శక్తి పరీక్ష చేయించాలా అని అడగండి. పుట్టుకతో వచ్చే కొన్ని లోపాలు మేనరికపు పెళ్లిళ్లలో పుట్టిన పిల్లల్లో ఎక్కువగా కనిపిస్తాయి. ఇంట్లో ఇంకో పిల్లవాడికి ఇలాగే అయి ఉంటే ఆ మాట కూడా చెప్పండి.

9. రాకుండా ఏం చేయవచ్చు?

• సెగ్గడ్డను పిండకండి, సూదితో పొడవకండి. జ్వరం వచ్చినా, గడ్డ పెద్దదవుతున్నా ఆస్పత్రిలో చూపించండి.
• పుట్టిన బిడ్డ బొడ్డుకు నూనె, పసుపు, బూడిద ఏదీ రాయకండి. పొడిగా ఉంచండి. ఎర్రబడినా, వాసన వచ్చినా అదే రోజు చూపించండి.
• గోళ్లు కత్తిరించండి. తినే ముందు, దొడ్డికి వెళ్లి వచ్చాక సబ్బుతో చేతులు కడిగించండి.
• ఫిబ్రవరి 10న నులిపురుగుల నివారణ దినం. బడిలో, అంగన్‌వాడీలో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర వేయించండి.

మీకు మీరే ఒక చిన్న పరీక్ష

ప్రశ్న: పాపకు ఎనిమిది రోజులుగా జ్వరం, కుడి పక్క నొప్పి. కళ్లు పచ్చగా లేవు. లివర్ బాగున్నట్టేనా?
జవాబు: చెప్పలేం. స్కానింగ్ గురించి డాక్టరును అడగాలి.

ప్రశ్న: జ్వరం పోయి వారమైంది. నోటి మందులు ఇంకా రెండు వారాలకు ఉన్నాయి. ఆపవచ్చా?
జవాబు: ఆపకూడదు. డాక్టరు ఆపమనే దాకా వాడాలి.

ప్రశ్న: కార్డులో బాబు పేరు లేదు. ఏం చేయాలి?
జవాబు: ముందు ఆస్పత్రికి వెళ్లాలి. అక్కడ ఆరోగ్యమిత్రతో మాట్లాడాలి.

ఈ మూడూ సరిగ్గా చెప్పగలిగితే పాఠం మీకు వచ్చినట్టే. ఇప్పుడు ఇంకొకరికి చెప్పండి. ఫోన్‌లో ఈ రెండు నంబర్లు సేవ్ చేసుకోండి: అంబులెన్స్‌కు 108, ఆరోగ్యశ్రీ సమాచారానికి, ఫిర్యాదుకు 104.